పొలం బండి, దొర బండి

గడచిన ఉగాదినాడు మా అన్నగారి కుమారుడు వేమగల్లు నుంచి మా ఇంటికి వచ్చాడు. ఒబ్బట్లు తిని, ఆకు తీయకముందే సంచిలోనుంచి ఒక రంగుల పుస్తకం తీసి మా ముందు పెట్టాడు.

"చిన్నాయనా, ఈ బండి తీసుకుందామనుకుంటా ఉండాను. మీరు ఈ జాతి బండిని పదేండ్లుగా ఏలుతా ఉన్నారు గదా, ఏమంటారు?" అన్నాడు.

ఆ పుస్తకంలోనిది లాండ్ రోవరు కంపెనీవారి డిఫెండరు. రోడ్డు మీదికి వచ్చేసరికి కోటి రూపాయలకు పైమాటే. మావాడి భూమి రెండెకరాలు పరిశ్రమలకు పోయి పరిహారం వచ్చింది. ఇక మిగిలినది ఎకరంన్నర టమాటా తోట, ఒక బోరుబావి, పెండ్లి కావలసిన చెల్లెలు. వాడు మా ముఖం వంక చూస్తున్నాడు. మాకు అవుననడానికీ నోరు రాలేదు, కాదనడానికీ రాలేదు. నరసాపురం, వేమగల్లు, మాలూరు ప్రాంతాలలో ఇటువంటి ప్రశ్న వేసుకొనే ఇండ్లు ఇప్పుడు చాల ఉన్నవి. కాబట్టి ఆనాడు వానికి చెప్పిన సంగతులే మన పత్రిక పాఠకులకూ మనవి చేస్తున్నాము.

ఈ రోవరు అనే పేరు మొదట సైకిలుది. ఇంగ్లండులో కోవెంట్రీ నగరాన జాన్ కెంప్ స్టార్లీ అనే ఆయన 1885లో రోవరు సైకిలు చేశాడు. ముందొక ఏనుగంత చక్రం, వెనుకొక పిల్ల చక్రం ఉండే పాత సైకిళ్ళను మూలకు నెట్టి, రెండు సమానమైన చక్రాలు, వెనుక చక్రానికి గొలుసు గల నేటి సైకిలుకు దారి చూపినది అదే. పోలండు దేశస్థులు నేటికీ సైకిలును "రోవెర్" అనే పిలుస్తారు. తర్వాత ఆ కంపెనీ కార్లలోకి దిగింది. అవి డాక్టర్లూ ప్లీడర్లూ కొనుక్కొనే మర్యాదస్థుల కార్లు. బురదకూ వాటికీ చుట్టరికం లేదు.

రెండవ ప్రపంచయుద్ధం ముగిసేనాటికి ఇంగ్లండు గెలిచిందన్న మాటేగాని ఇంట్లో గింజ లేని సంసారంలాగ ఉండేది. ఉక్కుకు రేషను. ఎగుమతి చేసి విదేశీ ధనం తెచ్చే కంపెనీలకే ఉక్కు. రోవరు కంపెనీకి సోలిహల్‌లో యుద్ధకాలపు పెద్ద కర్మాగారం ఉన్నది గాని, అందులో చేయడానికి తగిన సరుకు లేదు. ఆ కంపెనీ ముఖ్య ఇంజనీరు మారిస్ విల్క్స్. వేల్సు దేశపు ఆంగ్లెసీ ద్వీపంలో ఆయనకు పొలం ఉండేది. ఆ పొలంలో పనులకు సైన్యం వదిలేసిన అమెరికా జీపు ఒకటి వాడేవాడు. అది పాతబడితే మరొకటి కొనాలంటే మళ్ళీ జీపే కొనవలసి వస్తుంది. కార్లు చేసేవాడు తన పొలానికి మరొకరి బండి కొనుక్కోవడమా? అన్న స్పెన్సర్ విల్క్స్ కంపెనీ నిర్వాహకుడు. అన్నదమ్ములిద్దరూ సముద్రపు ఒడ్డున ఇసుకలో గీత గీసి బండి రూపం నిర్ణయించారంటారు. ఇసుక కథ ఎలా ఉన్నా, 1947లో జీపు చట్రం మీదనే మొదటి నమూనా కట్టారన్నది మాత్రం నిజం. ట్రాక్టరుకు మాదిరి ఆ నమూనాలో డ్రైవరు నడిమధ్య కూర్చునేవాడు.

1948 ఏప్రిల్ 30న హాలండులోని ఆమ్‌స్టర్‌డాం ప్రదర్శనలో లాండ్ రోవరును లోకానికి చూపించారు. ఉక్కు దొరకదు గనుక పైతొడుగు అల్యూమినియం మిశ్రమంతో చేశారు. విమానాల లోపల వేయగా మిగిలిన లేతపచ్చ రంగు చవుకగా దొరికింది గనుక అదే పూశారు. ధర 450 పౌన్లు, అంటే ఆనాటి మారకంలో ఆరువేల రూపాయలు. తలుపులకూ స్టెప్నీకీ వేరే డబ్బు! ఇంజను నుంచి పట్టా వేసి నూర్పిడి యంత్రం త్రిప్పుకోవచ్చును. నాగలి కట్టి దున్నుకోవచ్చును. అంటే ఇది పుట్టుకతో రైతుబండి. ఈ మాట మావాడితో అంటే, రంగుల పుస్తకంలో తోలుసీట్ల బొమ్మ చూపించి నవ్వాడు.

రెండు మూడేండ్లు నడిపి కంపెనీని నిలబెట్టుకుందామనుకున్న ఆ బండి కొద్దికాలంలోనే కంపెనీవారి కార్లకంటె ఎక్కువగా అమ్ముడుపోయింది. 1955 సెప్టెంబరులో ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విద్యార్థులు ఆరుగురు రెండు లాండ్ రోవర్లలో లండను నుంచి బయలుదేరి, మన దేశం మీదుగా బర్మా అడవులు దాటి 1956 మార్చిలో సింగపూరు చేరారు. డార్జిలింగు దగ్గర మానేభంజంగ్ నుంచి సందక్‌ఫూ కొండకు ఎక్కే రాళ్ళబాటలో ఆ కాలపు బండ్లే ఇటీవలి దాకా యాత్రికులను మోశాయి. వాటిలో కొన్నింటికి గుండె మార్చి మహీంద్ర ఇంజన్లు పెట్టారు.

ఇక మా బండి సంగతి. పదేండ్ల క్రిందట మేము నలుగురు దాయాదులం కలిసి చిక్కమగళూరు వైపు ఒక కాఫీతోటలో మూలబడి ఉన్న పాత లాండ్ రోవరు కొన్నాము. 1960ల నాటిది, రెండవ శ్రేణిలోనిది. బేతమంగళం దగ్గర మా ఊరికి లారీమీద తెచ్చాము. పొట్టి బండి, కూర్చుంటే మోకాలు డ్యాష్‌కు తగులుతుంది, పెట్రోలు ట్యాంకు సీటు క్రిందనే ఉంటుంది. మా వదినగారు దానిని చూచి, "ఇంత డబ్బు పెట్టి పెద్ద కిరసనాయిల్ డబ్బా తెచ్చినారే!" అన్నది.

అల్యూమినియం తొడుగుకు తుప్పు లేదు గాని, క్రింది చట్రం ఉక్కుది. మలెనాడు వానలలో ఏండ్లతరబడి నానడంవల్ల వెనుక భాగం సుత్తితో తడితే అప్పడంలాగ రాలింది. అప్పుడు మాకు దొరికిన మనిషి మారికుప్పం వాసి, బంగారు గనుల వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి ఇంట కూర్చున్నవాడు. ఆయన తాత చిత్తూరు జిల్లా నుంచి గనిపనికి వచ్చాడట.

కోలారు బంగారు గనులంటే ఈ కాలపు పిల్లలకు 2018లో వచ్చిన సినిమా ఒకటే తెలుసు. 1880లో జాన్ టైలర్ కంపెనీ ఇంగ్లండు నుంచి వచ్చి గనులు చేతబట్టింది. 1902లో శివసముద్రం జలవిద్యుత్తు వచ్చింది. క్లబ్బులు, గోల్ఫు మైదానం, బంగళాలు వెలిసి "చిన్న ఇంగ్లండు" అనిపించుకున్నది. లైన్ల ఇండ్లలో మనవాళ్ళు, తమిళులు ఉండేవారు. ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్ల పైచిలుకు లోతుకు పోయింది. అన్ని గనులూ కలిసి 800 టన్నులకు పైగా బంగారం ఇచ్చాయి. 2001 ఫిబ్రవరి 28న అవి మూతబడ్డాయి. ఇప్పుడు మిగిలినవి సైనైడు దిబ్బలు. తెల్లవారుజామున బెంగుళూరు రైలెక్కే వేలాది మనుషులు. గనిలో పనిచేసి నేర్చుకున్న చేతులు.

ఆ చేతులే మా బండిని బ్రతికించాయి. మనుషులను పాతాళానికి దించే కేజికి కొక్కెం సరిగా ఉన్నదా లేదా అని చూచిన కన్ను అది. మా చట్రం ఏపాటిది! రెండు వారాలు కూర్చుని, కుళ్ళిన భాగం కోసివేసి కొత్త రేకు అతికాడు. అతుకు ఎక్కడిదో మాకు నేటికీ కనిపించదు. విడిభాగాలకు బెంగుళూరు జె.సి. రోడ్డు తిరిగేవాళ్ళము. దొరకనివి ఆయనే లేత్ మీద చేయించేవాడు. "బండి చెడిపోయేదానికి కారణం రోడ్డు కాదయ్యా, గ్రీజు పెట్టకపోవడం," అని మమ్మల్ని తిట్టేవాడు.

ఒక అవమానం కూడ దాచకుండ చెప్పుకోవాలి. మొదటి ఏడాదే వానలు బాగా పడి, చెరువులోపలి బాటలో పోతూ బండిని బురదలో దింపాము. చక్రాలు తిరుగుతున్నవి, బండి కదలదు. ఊరు ఊరంతా గట్టుమీద చేరింది. చివరకు రెండు జతల ఎద్దులను కట్టి లాగించాము. మర్నాడు ఫిట్టరు వచ్చి విని, గేరు ప్రక్కన ఉన్న పసుపుపచ్చ పిడి చూపించి, "దీనిని నొక్కినారా?" అన్నాడు. లేదన్నాము. "ఈ ఎర్ర పిడిని వెనక్కి లాగినారా?" లేదన్నాము. పచ్చది నొక్కితే నాలుగు చక్రాలకూ బలం వస్తుంది. ఎర్రది లాగితే బండి నత్తనడకన గోడైనా ఎక్కుతుంది. ఆ రెంటికోసమే ఆ బండిని ఎవరైనా కొనేది. మేము ఏడాదిపాటు వాటిని అలంకారమనుకుని తుడుస్తూ వచ్చాము! ఆయన నవ్వుతూ వర్క్‌షాపు గడప మీద కూర్చుండిపోయాడు.

లీటరుకు ఆరేడు కిలోమీటర్లకంటె ఇవ్వదు. స్టీరింగు త్రిప్పితే భుజాలకు కసరత్తు. అయినా పొలానికి ఎరువు, సంతకు టమాటా పెట్టెలు, కాన్పుకు మా కోడలిని కోలారు ఆసుపత్రికి, అన్నిటికీ అదే. మా నలుగురు దాయాదుల మధ్య రెండు వ్యాజ్యాలు ఉన్నా, బండి విషయంలో మాత్రం ఏనాడూ మాట రాలేదు.

ఇక దొర బండి కథ. 1970 జూన్‌లో ఆ కంపెనీవారే రేంజ్ రోవరు తెచ్చారు. స్పెన్ కింగ్ అనే ఇంజనీరు రూపకల్పన. ఆకుకమ్మీలకు బదులు చుట్టుస్ప్రింగులు, పెద్ద వి8 ఇంజను, నాలుగు చక్రాలకూ ఎప్పుడూ బలం. అయితే మొదటి రేంజ్ రోవరులో నేల, సీట్లు నీళ్ళగొట్టంతో కడుక్కొనేటట్లు చేశారు. అప్పటికింకా అది బురదబూట్లతో ఎక్కే బండియే. 1981లో నాలుగు తలుపులు వచ్చాయి; తర్వాత తివాచీలు, తోలుసీట్లు వచ్చాయి; ధర ఎక్కినకొద్దీ బురద దిగిపోయింది. పాత రైతుబండికి 1990లో డిఫెండరని పేరు పెట్టారు. 20 లక్షలకు పైగా బండ్లు తయారైన తర్వాత 2016 జనవరి 29న సోలిహల్‌లో ఆ పాత వంశం ఆగింది. 2019లో అదే పేరుతో కొత్తది వచ్చింది. మావాడి రంగుల పుస్తకంలోనిది ఇది. అది పుట్టేది ఇంగ్లండులో కాదు. స్లొవేకియా దేశంలో నిత్రా అనే ఊరిలో.

కంపెనీ యజమానులు కూడ మారుతూ వచ్చారు. 1994లో జర్మనీవారి బి.ఎం.డబ్ల్యు., 2000లో అమెరికావారి ఫోర్డు, 2008 జూన్‌లో మన టాటావారు. జాగ్వారునూ దీనినీ కలిపి 230 కోట్ల డాలర్లకు రతన్ టాటాగారి కాలంలో కొన్నారు. ఇంగ్లీషు కంపెనీ మన గనుల బంగారం పట్టుకుపోయిన నూరేండ్లకు ఇంగ్లీషువారి పేరుగొప్ప బండిని మనవారు కొన్నారని ఫిట్టరుతో అంటే, ఆయన "మాకు పెన్షను పెంచినారా?" అన్నాడు.

కొన్నవెంటనే ప్రపంచమంతా ఆర్థికసంక్షోభం వచ్చి టాటావారికి కంటిమీద కునుకు లేకుండ చేసింది గాని, తట్టుకుని నిలిచారు. 2011లో పూనాలో ఫ్రీలాండరు బిగింపు మొదలైంది. 2024 మేలో రేంజ్ రోవరునే పూనాలో బిగించనున్నట్లు ప్రకటించి, ధర 2 కోట్ల 36 లక్షల నుంచి అన్నారు. అదే ఏడాది సెప్టెంబరులో తమిళనాడు రాణిపేట జిల్లా పనపాక్కంలో 9,000 కోట్ల రూపాయల కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. ముళబాగిలు, చిత్తూరు దారిన పోయే మనవాళ్ళకు అది దూరమేమీ కాదు. మన నరసాపురంలో తైవానువారి ఐఫోన్ల కర్మాగారం కూడ 2023లో టాటావారి చేతికే వచ్చింది.

మావాడు ఇదంతా ఓపికగా విన్నాడు. "కొత్తది 900 మిల్లీమీటర్ల లోతు నీళ్ళలో పోతుంది చిన్నాయనా," అన్నాడు. 2018 నుంచి బెంగుళూరు వాడిన నీటిని శుద్ధిచేసి కోలారు చెరువులకు వదులుతున్నారు గనుక సరిపోయింది. లేకుంటే అంత నీళ్ళు మన జిల్లాలో ఎక్కడ వెదికేది!

తర్వాత కాగితం తీసి లెక్క వేశాము. షోరూము ధర కోటి అనుకొంటే, 20 లక్షలు దాటిన కారుకు కర్ణాటకలో జీవితపన్ను నూటికి 18 చొప్పున 18 లక్షలు. ఇన్సూరెన్సు వేరు. ఆ కోటి బ్యాంకులో వేసి నూటికి ఆరు వడ్డీ అనుకొన్నా ఏడాదికి ఆరు లక్షలు. టమాటా ధర ఉన్న ఏడాది లేని ఏడాది కలిపి ఎకరంన్నర వానికి అంత ఇవ్వడం లేదని వాడే ఒప్పుకున్నాడు. చెల్లెలి పెండ్లి మాట మేము ఎత్తలేదు, వాడే ఎత్తాడు. కాని ఇంకొక మాట కూడ అన్నాడు: "మా నాయన ఆ రెండెకరాలు నలబై ఏండ్లు దున్నినాడు. ఇప్పుడు అక్కడ కాంపౌండు గోడ ఉండాది. ఆ గోడ పక్కన పోయేటప్పుడు మంచి బండిలో పోవాలని ఉండాది." దీనికి మా కాగితం మీద లెక్క లేదు. మేమేమీ అనలేకపోయాము.

సాయంకాలం వానిని పాతబండిలో చెరువుగట్టుకు తీసుకుపోయాము. తానే నడుపుతానన్నాడు. కె.జి.ఎఫ్.లో ఐ.టి.ఐ. చదివినవాడు గనుక చేతికి తొందరగానే వశమైంది. గట్టు దిగేచోట మేము చెప్పకముందే పసుపుపచ్చ పిడి నొక్కాడు.

ఫిట్టరుకు ఇప్పుడు చూపు మందగించింది. గేరుబాక్సు విప్పే పని ఇక తనవల్ల కాదని కబురు పంపాడు. రంగుల పుస్తకం మా ఇంట్లోనే ఉన్నది; మావాడు తీసుకుపోలేదు, వద్దనీ అనలేదు. వచ్చే ఆదివారం గేరుబాక్సు విప్పాలి. ఫిట్టరు కుర్చీలో కూర్చుని చెప్పేటట్లు, మావాడు చేసేటట్లు ఒప్పందం. స్పానర్లు తానే తెస్తానన్నాడు.