ఫోన్‌ని చల్లబరిచే గ్రాఫీన్ ఫ్యాక్టరీ మురుగునీటిని కూడా శుభ్రం చేస్తుందా?

ఫోన్ లాంచ్ ఈవెంట్లు ఫాలో అయ్యేవాళ్లకి గ్రాఫీన్ కొత్త పేరేం కాదు. 2018లోనే హువావే తన మేట్ 20 ఎక్స్‌లో వేడి తగ్గించడానికి గ్రాఫీన్ ఫిల్మ్ వాడింది. ఇదే మెటీరియల్‌తో మురుగునీటిని శుభ్రం చేయొచ్చని ల్యాబుల్లో చాలా ఏళ్లుగా పని జరుగుతోంది. అందుకే ఈసారి ఫోన్లు పక్కన పెట్టి, దీన్నే ఒక గ్యాడ్జెట్‌లా రివ్యూ చేస్తున్నాను.

అసలు దీని అవసరం ఏంటి?

హైదరాబాద్ పక్కనే ఉన్న పటాన్‌చెరు సంగతి చూడండి. అక్కడి మందుల కంపెనీల వ్యర్థ జలాలు ఒక ఉమ్మడి శుద్ధి కేంద్రానికి చేరేవి. ఆ కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో వచ్చిన ఒక స్టడీ చెప్పింది. గమనించండి, ఇది శుద్ధికి ముందు లెక్క కాదు, తర్వాత లెక్క! అలాంటి నీటిలో పెరిగే బ్యాక్టీరియా ఆ మందుకి అలవాటు పడిపోతే, రేపు మనకి ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు అదే టాబ్లెట్ పని చేయదు.

ఎలా పని చేస్తుంది?

ఇంట్లో వాటర్ ప్యూరిఫైయర్‌లో ఉండే యాక్టివేటెడ్ కార్బన్ సూత్రమే ఇది. మలినాలు కార్బన్ ఉపరితలానికి అతుక్కుపోతాయి, నీళ్లు ముందుకెళ్లిపోతాయి. ఎంత ఎక్కువ ఉపరితలం ఉంటే అంత ఎక్కువ చోటు. గ్రాఫీన్ ఒక్క పరమాణువు మందం ఉన్న కార్బన్ షీట్ కాబట్టి, లెక్క ప్రకారం ఒక్క గ్రాముకే 2,630 చదరపు మీటర్ల ఉపరితలం వస్తుంది. మన భాషలో చెప్పాలంటే దాదాపు 65 సెంట్ల స్థలం! పైగా చాలా రంగులు, యాంటీబయాటిక్‌ల అణువుల్లో కార్బన్ రింగులు ఉంటాయి. అవి గ్రాఫీన్ రింగుల మీద ప్లేటు మీద ప్లేటు పెట్టినట్టు కూర్చుంటాయి.

బెంచ్‌మార్క్ వేరు, డైలీ యూసేజ్ వేరు

స్పెక్స్ అదిరిపోయాయి కదా? కానీ నీళ్లలో వేశాక గ్రాఫీన్ షీట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. దాంతో ఆ 65 సెంట్లలో చాలా భాగం మూతపడుతుంది. రెండోది, ల్యాబ్‌లో చాలాసార్లు శుభ్రమైన నీళ్లలో ఒకే రసాయనం కలిపి టెస్ట్ చేస్తారు. నిజమైన మురుగునీటిలో ఉప్పు, నూనె, ఇంకా వందల రసాయనాలు ఉంటాయి. అవన్నీ అదే సీటు కోసం పోటీ పడతాయి. మూడోది, ఆ సన్నటి పొడి నీళ్లతో పాటు బయటికి పోతే అదే ఇంకో కాలుష్యం.

ఇక్కడే నాకు ఐఐటీ మద్రాస్ ఐడియా నచ్చింది. ప్రొఫెసర్ ప్రదీప్ బృందం 2012లో మామూలు చక్కెరని ఇసుక మీద పూతలా పట్టించి, గాలి తగలకుండా వేడి చేసి, గ్రాఫీన్ లాంటి కార్బన్‌గా మార్చింది. ఒక రంగు మీద, క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందు మీద పరీక్షించింది. కార్బన్ ఇసుక రేణువుకే అంటుకుని ఉంటుంది కాబట్టి, విడి పొడిలా కాకుండా మామూలు ఇసుక ఫిల్టర్‌లా గొట్టంలో నింపి వాడొచ్చు. ముడిసరుకు కిరాణా కొట్లోనే దొరుకుతుంది.

నా వెర్డిక్ట్

ఇది మామూలు శుద్ధి కేంద్రానికి బదులు కాదు. అది వదిలేసిన మందులని పట్టుకునే చివరి దశగా, ఫ్యాక్టరీ గేటు దగ్గరే పెడితే దీనికి అర్థం ఉంటుంది. ఇకపై ఎవరైనా "గ్రాఫీన్ ఫిల్టర్ వచ్చేసింది" అంటే మూడే ప్రశ్నలు అడగండి. టెస్ట్ చేసింది ఏ నీళ్లతో? నిండిపోయాక కడిగి ఎన్నిసార్లు వాడొచ్చు? కార్బన్ బయటికి జారకుండా ఏం చేశారు? ఈ మూడింటికీ జవాబు లేకపోతే, 2,630 అనేది బాక్స్ మీద నంబర్ మాత్రమే.