ఇతివృత్తం, శీలం: 'ఈడిపస్ రాజు'లో ప్రాధాన్య విచారం

విషాదాంత నాటకపు ఆరు అంగాలలో ఇతివృత్తమే ఆత్మ వంటిదని అరిస్టాటిల్ 'కావ్యశాస్త్రం' 6వ అధ్యాయంలో పేర్కొన్నాడు. శీలం లేకున్నా విషాదాంతం సాధ్యమే గాని, క్రియ లేనిదే సాధ్యం కాదని ఆయన నిర్ణయం. ఇక్కడ శీలమంటే నాటకంలోని వ్యక్తి కాదు. అతని ఎంపికలో బయటపడే నైతిక స్వభావం. దానిని 'పాత్ర' అని అనువదించినపుడు ఈ నిర్ణయం అసంగతంగా తోస్తుంది.

అయితే అభిజ్ఞానం, విపర్యయం ఏకకాలంలో సంభవించడానికి ఆయనే ఉదాహరించిన సోఫోక్లీస్ 'ఈడిపస్ రాజు' ఈ నిర్ణయానికి పూర్తిగా లొంగదు. పితృహత్య, మాతృవివాహం నాటకారంభానికి ముందే జరిగిపోయాయి. రంగస్థలంపై సాగేది విచారణ. టైరీసియస్ చెప్ప నిరాకరిస్తాడు, జొకాస్టా ఆపమని వేడుకుంటుంది, వృద్ధ కాపరి బెదిరిస్తే గాని నోరు విప్పడు. ఈడిపస్ ఆగడు. ఇతివృత్తాన్ని నడుపుతున్నది ఆ శీలమే. అది లేకుంటే జరిగిన ఘోరం జరిగినట్లే ఉంటుంది. అభిజ్ఞానం మాత్రం సంభవించదు.