పది రూపాయల షేరు చవకని ఎవరన్నారు?

"పది రూపాయల టెలికాం షేరు, కోట్ల మంది కస్టమర్లు, వంద కావడం ఖాయం." వాట్సాప్ గ్రూపుల్లో ఈ మాట ఆగకుండా తిరుగుతోంది. చీటీ పాడిన డబ్బు, పీఎఫ్ నుంచి తీసిన డబ్బు తెచ్చి ఇందులో పోస్తున్నారు. ఈ నమ్మకం తప్పని ఎన్నిసార్లు చెప్పాలి?

ధర ఒక్కటే చూస్తే షేరు చవకో కాదో తెలియదు. మొత్తం ఎన్ని షేర్లున్నాయో కూడా చూడాలి. ఆ గ్రూపులు చెప్పే షేరు వొడాఫోన్ ఐడియాదే; 2025 ఏప్రిల్‌లో దాని షేర్లు దాదాపు 10,800 కోట్లకు చేరాయి. ఒక్కోటి వంద రూపాయలు కావాలంటే కంపెనీ విలువ 10.8 లక్షల కోట్లు కావాలి. దేశంలో అంత విలువున్న కంపెనీలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఇక కస్టమర్లంటారా? 2016 సెప్టెంబరులో జియో వచ్చాక రేట్లు ఎలా పడ్డాయో మన రీచార్జీలే చెప్పాయి. ఆపైన 2019 అక్టోబరులో ఏజీఆర్ బకాయిలపై, అంటే ఆదాయంలో ప్రభుత్వానికి కట్టాల్సిన వాటాపై, సుప్రీంకోర్టు తీర్పు కంపెనీలకు వ్యతిరేకంగా వచ్చింది. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి, కంపెనీకి మిగిలేది మాత్రం లేకపోయింది.

పడిన షేరు మళ్లీ లేస్తుందనే ధీమా కూడా ఇలాంటిదే. 2008 జనవరిలో 800 రూపాయలు దాటిన రిలయన్స్ కమ్యూనికేషన్స్ షేరు వందకు దిగినప్పుడు చవకే అన్నారు, యాభైకి దిగినా అదే మాట. 2019లో కంపెనీ దివాలా ప్రక్రియలో పడింది. అదే ఏడాది షేరు రూపాయి కిందకు దిగింది.

"ప్రభుత్వం మునగనివ్వదు" అనే మాటలో మాత్రం కొంత నిజముంది, ఒప్పుకుంటాను. 2023లో ఒకసారి, 2025లో మరోసారి వొడాఫోన్ ఐడియా బకాయిలకు బదులు ప్రభుత్వం షేర్లు తీసుకుంది. రెండోసారి 36,950 కోట్లకు. దాంతో ప్రభుత్వ వాటా సుమారు 49 శాతమైంది. కంపెనీ నిలబడింది, నిజమే. పాత షేరుదారు భాగం మాత్రం ఆ ఒక్క విడతలోనే మూడోవంతు తగ్గింది. ఇద్దరన్నదమ్ముల పొలం మీద అప్పు కొంత తీర్చి, మూడో మనిషి సమాన భాగానికి వచ్చినట్టన్నమాట.

"మావాడు అక్కడే పనిచేస్తున్నాడు, కంపెనీ బాగుందన్నాడు" అంటారా? హైదరాబాద్‌లోనే ఉన్న ఐటీ కంపెనీ సత్యం కంప్యూటర్స్ ఖాతాల్లో లేని నగదు చూపారని, 2009 జనవరి 7న చైర్మన్ లేఖ బయటికొచ్చేదాకా అక్కడి వేల మంది ఉద్యోగులకూ తెలియదు. ఆ ఒక్కరోజే షేరు ముప్పాతిక వంతుకు పైగా పడింది.

కంపెనీ పేరులో ఏఐ, 5జీ ఉంటే చాలనుకోవడం పొరపాటు. ఆ పని నుంచి ఆదాయమెంతో వార్షిక నివేదికలో చూడండి.

టెలికాం షేరు కొనే ముందు ఒక్కో కస్టమరు నుంచి నెలకు సగటున వచ్చే ఆదాయం, అంటే ఆర్పూ, పెరుగుతోందా లేదా చూడండి. వడ్డీ కట్టాక, స్పెక్ట్రమ్ వాయిదాలు తీర్చాక నగదు మిగులుతోందా చూడండి. ఐటీ కంపెనీ అయితే కొత్త కాంట్రాక్టులెన్ని, ఆదాయంలో ఎంత భాగం ఒకరిద్దరు క్లయింట్ల మీదే ఆధారపడి ఉందో చూడండి. సలహా ఇచ్చేవారికి మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు అడిగి, సెబీ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. నంబరు చెప్పకపోతే ఆ గ్రూపు నుంచి ఈరోజే బయటికి రండి.