కంప్యూటరు పెట్టెలో గాలిబాట

ఎద్దు అరక దున్నినచో రొప్పును. మానవుడు శ్రమించినచో చెమర్చును. ప్రాణము లేని యంత్రమునకును పనివలన పుట్టు వేడి తప్పదు. 1946లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున ఎనియాక్ అను గణకయంత్రము లోకమునకు ప్రదర్శింపబడెను. అందు సుమారు 18,000 శూన్యనాళికలు ఉండెను. అది సుమారు 150 కిలోవాట్ల విద్యుచ్ఛక్తిని వాడుకొనెడిది. ఆ శక్తి దాదాపు అంతయు వేడిగా మారుచుండుటచే, దానిని చల్లార్చుటకు పెద్ద పంకాలను అమర్చవలసివచ్చెను.

నేటి బల్లమీది కంప్యూటరు చిన్నదైనను ఆ ధర్మము మారలేదు. దానికి మెదడు వంటిదగు ప్రాసెసరు చిన్న సిలికాన్ పలుక. బరువైన పనులలో 100 వాట్లకు మించి శక్తిని వాడుకొను ప్రాసెసర్లు కలవు. ఆ వేడి తొలగిపోకున్నచో దాని ఉష్ణోగ్రత సుమారు 100 డిగ్రీల సెల్సియస్ వరకు పెరుగును. అప్పుడు ప్రాసెసరు ఆత్మరక్షణకై తన వేగమును తగ్గించుకొనును. అప్పటికిని చల్లారకున్నచో యంత్రమే ఆగిపోవును. భద్రపరచని పని అంతయు నశించును.

ఈ వేడి మూడు మజిలీలుగా పయనించును. మొదట ప్రాసెసరునుండి దానిపై బిగించిన లోహపు దిమ్మకు చేరును. ఆ రెంటి నడుమ కంటికి కానరాని సందులుండును. అందు నిలిచిన గాలి వేడిని సరిగా సాగనీయదు. కావున ఒక మెత్తని లేపనముతో వానిని పూడ్తురు. పిదప దిమ్మకుగల పలుచని రేకులనుండి వేడి గాలిలో కలియును. తుదకు ఆ గాలి పెట్టెను వీడి వెలుపలికి పోవలెను. ఈ మూడవ మజిలీనే పలువురు మరతురు.

పంకా చల్లదనమును పుట్టింపదు. గాలిని కదల్చును, అంతియే. లోపలి వేడిగాలినే మరల మరల త్రిప్పినచో ఫలమేమి? ఎదురెదురు కిటికీలు గల ఇంటిలో గాలి ఆడునట్లు, పెట్టెకును రాకకొక త్రోవ, పోకకొక త్రోవ ఉండవలెను. సాధారణముగా ముందువైపు పంకాలు బయటి గాలిని లోనికి తెచ్చును. వెనుకవైపున, పైభాగమున ఉన్నవి వేడిగాలిని వెడలద్రోయును. 300 వాట్ల వేడిని కొనిపోవు గాలి 10 డిగ్రీలకు మించి వేడెక్కకుండవలెనన్నచో, సెకనుకు సుమారు 25 లీటర్ల గాలి ప్రవహింపవలెను. తీగలు చిక్కుపడి అడ్డు నిలిచినను, పెట్టెను గోడకు ఆనించినను ఈ ప్రవాహము కుంటుపడును.

ధూళి దీనికి పరమశత్రువు. అది రేకుల సందులను మూసివేయును. లోనికి వచ్చు గాలి వెడలుదానికంటె కొంచెము హెచ్చుగా నుండునట్లు చేసి, ప్రవేశద్వారములకు జల్లెడలు అమర్చినచో దుమ్ము తగ్గును. శుభ్రపరచుటకు ముందు విద్యుత్తును తప్పక తొలగింపవలెను. గాలి ఊదునపుడు పంకా రెక్కలు తిరుగకుండ పట్టుకొనవలెను. విద్యుత్తును సరఫరా చేయు లోపలి డబ్బాను మాత్రము విప్పరాదు. తీగ ఊడదీసిన పిదపను అందు ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచియుండవచ్చును.

ఎంతటి పంకాయైనను యంత్రమును గది గాలికంటె చల్లగా చేయజాలదు. వేసవిలో గది 40 డిగ్రీలున్నచో, పెట్టెలోనికి వచ్చు గాలియు 40 డిగ్రీలే. కావున గాలి చొరని అరలో కంప్యూటరును బంధించుట తగదు. క్రొత్త పంకాలను కొనుటకు ముందు, ఉన్న గాలికి దారి కలదో లేదో చూచుట వివేకము.