చెవికి కుదిరిందే మంచి ఇయర్‌ఫోన్

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు లెక్కపెట్టే గుమస్తా, చిలకలూరిపేట బస్సులో కాలేజీకి వెళ్లే అమ్మాయి, పర్చూరు చేలో పత్తి తీసే కూలీ – ఇప్పుడు అందరి చెవుల్లోనూ ఇయర్‌ఫోన్సే. ఒకప్పుడు కళ్లం దగ్గర ఒక్క ట్రాన్సిస్టర్ పెడితే పదిమంది వినేవారు. ఇప్పుడు ఎవరి పాట వారి చెవిలోనే. పాట ఇంత దగ్గరికి రావడం మంచిదే. కానీ వాటిని కొనేటప్పుడు మనం నమ్మేది దుకాణంలో చెప్పిన మాటల్ని, డబ్బా మీద అచ్చయిన అంకెల్ని. వాడేటప్పుడు నమ్మేది పక్కవాళ్ల అనుభవాన్ని. చెవి లోపలికి దూర్చుకునే ఈ పరికరం విషయంలో సౌండు ఒకటి, సౌకర్యం మరొకటి కావు. ఇయర్‌ఫోన్ కొసకు తొడిగే రబ్బరు చెవికి కుదరకపోతే సౌండు కూడా కుదరదు. మన ప్రాంతంలో తరచుగా వినిపించే అపోహల్ని ఒక్కొక్కటిగా చూద్దాం.

అపోహ: ధర పెరిగేకొద్దీ సౌండు బాగుంటుంది.

వాస్తవం: ఈ మాట నిజమో కాదో కొలిచి చూశారు. 2017లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో జెరోన్ బ్రీబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్ల కొలతలు పరిశీలించారు. సన్నని స్వరం నుంచి బరువైన స్వరం దాకా అవి ధ్వనిని పలికించే తీరుకూ, వాటి ధరకూ సంబంధం కనిపించలేదు. ఎక్కువ ధరలో బ్యాటరీ, మైకు, రొదను తగ్గించే సాంకేతికత, కంపెనీ పేరు అన్నీ కలిసి ఉంటాయి. కాబట్టి ధర చూసి కాదు, విని కొనండి. బాగా తెలిసిన పాట ఒకటి ఎంచుకోండి. అది సన్నాయి, అంటే నాదస్వరం అయితే మరీ మంచిది. నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా పుట్టింది ఒంగోలు పక్కన కరవదిలోనే. ఆయన కచేరీ పెట్టి వినండి. నాదస్వరం పై స్థాయికి వెళ్లినప్పుడు చెవిలో గుచ్చుకుంటోందా? డోలు మోగినప్పుడు సన్నాయి వెనక్కి పోతోందా? రెండూ విడివిడిగా, హాయిగా వినిపిస్తే ఆ జత మీకు పనికొస్తుంది.

అపోహ: బేస్ రాకపోతే ఇయర్‌ఫోన్ నాసిరకం.

వాస్తవం: చాలాసార్లు తప్పు ఇయర్‌ఫోన్‌ది కాదు, రబ్బరు సైజుది. రబ్బరు చెవి గొట్టాన్ని చుట్టూ మూసినప్పుడే బేస్ అనే బరువైన స్వరాలు కర్ణభేరి దాకా చేరతాయి. ఏ పక్కనైనా సందు మిగిలితే ముందుగా పోయేది ఆ స్వరాలే. పాట పలుచబడి, కీచుగా వినిపిస్తుంది. డబ్బాలో చిన్న, మధ్య, పెద్ద సైజుల రబ్బర్లు ఇచ్చేది అందుకే. చాలామంది ముందే తొడిగి ఉన్న మధ్య సైజుతోనే సరిపెట్టుకుని, మిగిలినవాటిని డబ్బాతో సహా పారేస్తారు. ఒకే మనిషికి కుడి చెవి, ఎడమ చెవి ఒకే కొలతలో ఉండకపోవచ్చు. రెండింటికీ వేర్వేరు సైజులు తొడిగినా తప్పులేదు. పెట్టుకునేటప్పుడు రెండో చేత్తో చెవిని కొద్దిగా పైకి, వెనక్కి లాగితే వంపు తిరిగిన గొట్టం సాపవుతుంది, రబ్బరు చక్కగా కూర్చుంటుంది. ఏ సైజూ నిలవకపోతే, నొక్కితే కుదించుకుపోయి చెవిలో మళ్లీ ఉబ్బే ఫోమ్ రకం వాడి చూడండి.

అపోహ: డ్రైవర్ ఎన్ని మిల్లీమీటర్లుంటే అంత మంచిది. 40,000 హెర్ట్జ్ దాకా పలికేదే మేలు.

వాస్తవం: డ్రైవర్ అంటే లోపల ధ్వనిని పుట్టించే బుల్లి స్పీకరు. దాని వెడల్పు ఒక్కటే నాణ్యతను చెప్పదు. 1991లో అమెరికాకు చెందిన ఎటిమోటిక్ సంస్థ తెచ్చిన ఈఆర్-4 ఇయర్‌ఫోన్‌లో ఉన్నది వినికిడి యంత్రాల్లో వాడే రకం చిన్న భాగమే. ఆ మోడల్ ఎన్నో ఏళ్లపాటు స్పష్టతకు పేరు నిలుపుకుంది. ఇక మనిషి చెవి వినగలిగేది 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు. వయసు పెరిగేకొద్దీ పై హద్దు తగ్గుతూ వస్తుంది. ఎంత దూరం పలికిందన్నది కాదు, ఆ మధ్యలోని స్వరాలన్నీ సమతూకంగా పలికాయా లేదా అన్నదే అసలు విషయం. ఆ సంగతి డబ్బా మీద రాయరు.

అపోహ: కొత్తలో చెవి నొప్పి మామూలే, నాలుగు రోజులకు అలవాటవుతుంది.

వాస్తవం: నొప్పి పుడుతోందంటే రబ్బరు పెద్దదైనా అయి ఉండాలి, ఇయర్‌ఫోన్ ఆకారం మీ చెవి డొప్పకు సరిపోకపోయి అయినా ఉండాలి. ఓర్చుకుంటే చర్మం ఒరుసుకుపోయి పుండు పడవచ్చు. సైజు మార్చండి, అప్పటికీ తగ్గకపోతే ఆ జతను వదిలేయండి. నమిలే చప్పుడు, మాట్లాడుతున్నప్పుడు మన గొంతు మనకే గుమ్మని వినిపించడం మాత్రం లోపం కాదు. చెవి మూసుకుంటే ఎవరికైనా అలాగే వినిపిస్తుంది.

అపోహ: ఐపీఎక్స్4 అని రాసి ఉంటే పొలంలో నిశ్చింతగా వాడుకోవచ్చు.

వాస్తవం: ఆ గుర్తులో ‘ఐపీ’ తర్వాత మొదటి స్థానం దుమ్ముకు, రెండోది నీటికి. ‘ఎక్స్’ ఉందంటే దుమ్ము విషయంలో ఏ హామీ లేదని. 4 అంటే నీటి తుంపర్లను తట్టుకుంటుందని మాత్రమే. మన దగ్గర నల్లరేగడి దుమ్ము, మిరప ధూళి, జిన్నింగ్ మిల్లు దగ్గర గాలిలో తేలే దూది నూగు ఉంటాయి. పొలం పనికి కొనేవారు ఐపీ54 లాంటి గుర్తు, అంటే దుమ్ముకూ అంకె ఉన్నది చూసుకోవాలి. ఇంకో జాగ్రత్త కూడా అవసరం. మిరప కోసిన చేత్తో, తొడిమలు తీసిన చేత్తో ఇయర్‌ఫోన్ ముట్టుకోవద్దు. మిరప మంటకు కారణమైన క్యాప్సైసిన్ వట్టి నీటికి పోదు. ముందు సబ్బుతో చేతులు కడగాలి. రబ్బర్లను కూడా విప్పి సబ్బునీటితో కడిగి, పూర్తిగా ఆరాకే తొడగాలి.

అపోహ: ఒక పక్క సౌండు తగ్గిందంటే అది పాడైపోయినట్టే. చెవిలో గులిమి ఉంటే పుల్లకు దూది చుట్టి తీసేయాలి.

వాస్తవం: చాలాసార్లు జరిగేది ఇయర్‌ఫోన్ ముక్కు దగ్గరి సన్నని జాలీలో గులిమి, నూగు అడ్డుపడటమే. జాలీని కిందికి పెట్టి మెత్తని పొడి బ్రష్‌తో దులిపితే సౌండు తిరిగి రావచ్చు. చెవిలో గులిమి మాత్రం దానంతటదే బయటికి జరుగుతుంది. పుల్ల పెడితే అది ఇంకా లోపలికి పోతుంది, కర్ణభేరికి దెబ్బ తగలవచ్చు. గంటల తరబడి ఇయర్‌ఫోన్ పెట్టుకున్నా గులిమికి దారి మూసుకుపోతుంది. ఎండలో చెమట పట్టి చెవి తడిగా ఉంటే బూజు జాతి ఇన్ఫెక్షన్ వచ్చి విపరీతంగా దురద పెట్టవచ్చు. గంటకోసారి తీసి చెవికి గాలి తగలనివ్వండి. ఒకే జతను ఇద్దరు పంచుకోవద్దు. దురద, చీము, దిబ్బడ ఉంటే నూనె పోయకుండా చెవి డాక్టరుకు చూపించండి.

అపోహ: చుట్టూ రొద ఎక్కువైతే వాల్యూమ్ పెంచుకుంటే సరిపోతుంది.

వాస్తవం: అపోహలన్నింటిలోకీ ఎక్కువ నష్టం చేసేది ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ ధ్వనిని వారానికి 40 గంటలు వినవచ్చు. 90 డెసిబెల్స్ అయితే వారం మొత్తానికి 4 గంటలే. 100 అయితే సుమారు 20 నిమిషాలే. లోపలి చెవిలో ధ్వనిని పట్టే సూక్ష్మ రోమకణాలు ఒక్కో చెవికి సుమారు 15 వేలు ఉంటాయి. ఒకసారి చచ్చిపోతే అవి మళ్లీ పుట్టవు. ట్రాక్టరు మీద, బస్సులో, మిల్లులో రొదను మించి వినాలని వాల్యూమ్ పెంచేవారు ఆ కణాల్ని ఖర్చు చేస్తున్నారు. సరిగ్గా కుదిరిన రబ్బరు బయటి రొదను చాలావరకు ఆపుతుంది కాబట్టి తక్కువ వాల్యూమ్‌లోనే పాట వినిపిస్తుంది. నాయిస్ క్యాన్సిలేషన్ ఉన్నవి ఇంజన్ హోరు లాంటి ఒకే తీరు రొదను బాగా తగ్గిస్తాయి. అయితే మిల్లులో పనిచేసేవారికి అవి రక్షణ పరికరాలు కావు. అక్కడ వాడాల్సింది చెవి రక్షణకే చేసిన ఇయర్‌ప్లగ్స్. చెవిలో వట్టి దూది పెట్టుకున్నా పెద్దగా లాభం లేదు. రోడ్డు మీద, రైలు పట్టాల దగ్గర, యంత్రాల మధ్య మాత్రం ఏ ఇయర్‌ఫోనూ వద్దు. హారన్ వినిపించకపోతే ప్రాణానికే ముప్పు.

అపోహ: బ్లూటూత్ ఇయర్‌బడ్స్ మెదడును దెబ్బతీస్తాయి.

వాస్తవం: వాటి రేడియో శక్తి సాధారణంగా కొన్ని మిల్లీవాట్లే. చెవి దగ్గర పెట్టుకున్న 4జీ ఫోన్ గరిష్ఠంగా 200 మిల్లీవాట్ల దాకా వాడుతుంది. ఇయర్‌బడ్స్ వల్ల మెదడుకు హాని జరిగిందని రుజువు కాలేదు. భయపడాల్సింది తరంగాలకు కాదు, వాల్యూమ్‌కు.

కొనబోయేవారికి చివరి మాట. మూడు సైజుల రబ్బర్లూ పెట్టి చూడండి. తెలిసిన పాట వినండి. అరగంట పెట్టుకున్నా చెవి నొప్పి పుట్టకూడదు. ఫోన్ వాల్యూమ్ 60 శాతం దాటకుండానే పాట స్పష్టంగా వినిపించాలి. ఈ పరీక్షలకు నిలిచిన జత ఎంత చవకైనా మీకు అదే మంచిది. పిల్లల ఫోన్లలో వాల్యూమ్ పరిమితి ఈ రోజే పెట్టండి. పోయిన వినికిడిని ఏ ఇయర్‌ఫోనూ తిరిగి తేలేదు.