ఆసుపత్రి మారినా వైద్య వివరాలు అందాలంటే

ఉపాధి కోసం ఊరు మారిన కుటుంబాల వైద్య పత్రాలు ఒక్కచోట ఉండవు. రక్తపరీక్షల నివేదిక సొంత ఊరి ల్యాబులో, ఎక్స్‌రే జిల్లా ఆసుపత్రిలో, మందుల చీటీ నగరంలోని క్లినిక్‌లో మిగిలిపోతాయి. రోగికి పెన్సిలిన్ పడదని వ్రాసిన చీటీ ఊరిలోనే ఉండిపోతే, అత్యవసర వేళ కొత్త వైద్యునికి ఆ సంగతి తెలిసే మార్గం ఉండదు.

ఈ లోటు తీర్చుటకు కేంద్ర ప్రభుత్వం 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను దేశమంతటా ప్రారంభించింది. ఇందులో చేరినవారికి 14 అంకెల ‘ఆభా’ సంఖ్య ఉచితంగా లభిస్తుంది. చేరడం ఐచ్ఛికం.

రికార్డులన్నీ ఒకే కంప్యూటరులో పోగుపడవు. ఏ ఆసుపత్రిలో తయారైనవి అక్కడే ఉంటాయి. అవి ఒకే వ్యక్తివని ఆభా సంఖ్య తెలుపుతుంది. మరొక వైద్యుడు వాటిని చూడదలచినప్పుడు రోగి ఫోనుకు అభ్యర్థన వస్తుంది. ఏ రికార్డులు, ఎంతకాలం చూపాలో రోగియే నిర్ణయిస్తారు. ఇచ్చిన అనుమతిని ఉపసంహరించుకోవచ్చును.

చిక్కు తరచుగా పేరు దగ్గర వస్తుంది. తెలుగువారు ఇంటిపేరును ముందు వ్రాస్తారు. ఒక ఆసుపత్రిలో అది చివరకు చేరుతుంది. మరొకచోట పొడి అక్షరంగా మిగులుతుంది. ఫలితంగా ఒకే మనిషికి రెండు రికార్డులు ఏర్పడతాయి. కనుక ఆధార్‌లో ఉన్న పేరు, పుట్టిన తేదీలనే ప్రతిచోటా వ్రాయించి, ఆభా సంఖ్య చూపాలి. ఫోను నంబరు మారితే ఆభా ఖాతాలోనూ మార్పించుకోవాలి.

ఇంట్లో చక్కెర, రక్తపోటు చూసే పరికరాల అంకెలు వాటంతటవే ఆసుపత్రికి చేరుతాయనుకోరాదు. అంకెతోపాటు తేదీ, వేళ, భోజనానికి ముందా తరువాతా అన్నది తెలియాలి. కొలమానమూ ముఖ్యమే: మన దేశంలో డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములుగా చూపే చక్కెర, కొన్ని విదేశీ పరికరాలలో లీటరుకు 7 మిల్లీమోల్‌లుగా కనిపిస్తుంది. ఒకే యంత్రాన్ని ఇంటిల్లిపాదీ వాడితే ఎవరి అంకెలు ఎవరివో తెలియవు. పేర్లవారీగా పుస్తకంలో వ్రాసుకోవడం మేలు.

ఆభా వేరు, ఉచిత చికిత్సకు ఉపయోగపడే ఆయుష్మాన్ కార్డు వేరు. ఆభా సంఖ్య ఉన్నంత మాత్రాన ఆసుపత్రి బిల్లు తగ్గదు. అన్ని ఆసుపత్రులూ ఈ వ్యవస్థలో చేరలేదు గనుక పాత కాగితాలను భద్రపరచుకోవాలి. ఫోనుకు వచ్చే ఓటీపీని అపరిచితులకు చెప్పరాదు. సందేహాలకు 14477కు ఫోను చేయవచ్చును.