ఇంటి రూటరు – పొరపాటు, దిద్దుబాటు

విద్యార్థులారా! మన బీదరు పక్కనే ఉన్న నౌబాదులో నేల కింద ఒక పాత నీటి సొరంగం ఉంది. దానిని కారేజు అంటారు. 15వ శతాబ్దంలో, బహమనీ సుల్తానుల కాలంలో దీనిని తవ్వించారని చెబుతారు. భూమిలో ఊరిన నీరు ఈ సొరంగం గుండా వాలుకు పారి జనానికి అందేది. సొరంగం పొడవునా అక్కడక్కడ బావులవంటి నిలువు రంధ్రాలు ఉన్నాయి. తవ్వేటప్పుడు మట్టిని పైకి తీయడానికి, తరువాత పూడిక తీసేవారు లోపలికి దిగడానికి ఇవి పనికివస్తాయి. ఇటువంటి సొరంగంలో నీరు ఆగిపోతే మొత్తం తవ్వనక్కరలేదు. ఒక్కొక్క బావిలోకి తొంగిచూస్తూ పోతే, ఏ రెండు బావుల మధ్య అడ్డు పడిందో తెలుస్తుంది. అక్కడ బాగుచేస్తే చాలు.

ఈనాడు మన ఇళ్లకు ఇంటర్నెట్ కూడా ఇలాగే ఒక దారి వెంట వస్తోంది. వీధిలోని తీగ నుండి ఇంట్లోని పెట్టెకు, ఆ పెట్టె నుండి ఫోనుకూ, కంప్యూటరుకూ అది చేరుతుంది. ఆ పెట్టెనే రూటరు అంటారు. అది ఆగిపోయినప్పుడు కూడా కారేజును చూసినట్లే, ఒక్కొక్క మెట్టే చూసుకుంటూ పోవాలి. అది ఎలాగో ఒక ఉదాహరణతో తెలుసుకుందాం.

బీదరులో ఒక తెలుగు కుటుంబం ఉన్నదనుకోండి. ఆ ఇంటి అమ్మాయి పదవ తరగతి చదువుతోంది. విద్యార్థివేతనం దరఖాస్తు పంపడానికి ఆ రాత్రే గడువు. కాగితాలన్నీ కంప్యూటరులో సిద్ధంగా ఉన్నాయి. ఇంటివి మందపాటి ఎర్రరాతి గోడలు. లోపల ఫోనులో మాట వినబడేంత సిగ్నలు ఉంటుందేగాని, కాగితాలు పంపేంత ఉండదు. సాయంత్రం నుండి వైఫై పనిచేయడం లేదు. ఆమె హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న అన్నకు ఫోను చేసింది.

“అన్నా, నెట్టు పోయింది. రూటరు వెనుక రీసెట్ బొత్తం ఉంది. నొక్కేయనా?”

“ఆగు చెల్లీ, నొక్కవద్దు. ముందు దీపాలు చూసి చెప్పు.”

“అన్నీ ఎప్పటిలాగే పచ్చగా ఉన్నాయి.”

“అయితే బయటి తీగ బాగానే ఉన్నట్లుంది. నెట్టు పోకముందు నువ్వు దేన్నయినా మార్చావా?”

ఆమె కాసేపు మాట్లాడలేదు. “నాయనకు చెప్పవు కదా?” అని అడిగింది.

“ముందు నాకు చెప్పు. చెప్పకపోతే ఎక్కడ వెతకాలి?”

అప్పుడు ఆమె చెప్పింది. పక్కింటి పిల్లలు తమ వైఫై వాడుకుంటున్నారని అనుమానం వచ్చింది. డి.హెచ్.సి.పి. అనేదాన్ని ఆపితే కొత్తవారెవరూ చేరలేరని ఒక స్నేహితురాలు చెప్పింది. రూటరు పేజీ తెరిచి దానిని ఆపేసింది. కాసేపటికి ఇంట్లోని ఫోన్లు, కంప్యూటరు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

ఇంతకూ డి.హెచ్.సి.పి. అంటే ఏమిటి? ఉత్తరం చేరాలంటే వీధి పేరు, ఇంటి నంబరు కావాలి కదా! అలాగే రూటరుతో మాట్లాడే ప్రతి యంత్రానికీ ఒక చిరునామా ఉండాలి. 192.168.1.5 అనే చిరునామాను తీసుకోండి. చాలా ఇళ్లలో దీనిలోని మొదటి మూడు సంఖ్యలు వీధి వంటివి, చివరిది ఇంటి నంబరు వంటిది. 192.168తో మొదలయ్యే చిరునామాలను ఇళ్లలోనూ, కార్యాలయాలలోనూ లోపలి వాడకానికి కేటాయిస్తూ 1996లో ఒక ప్రమాణపత్రం వెలువడింది. అందువల్ల బీదరులోని రూటరుకూ, విజయవాడలోని రూటరుకూ 192.168.1.1 అనే ఒకే చిరునామా ఉన్నా తగాదా రాదు.

ఈ చిరునామాలను అడిగినవారికల్లా పంచే పద్ధతే డి.హెచ్.సి.పి. దీనిని 1993లో మొదటిసారి ప్రమాణంగా ప్రకటించారు. ఇంట్లో ఈ పంపకం పని రూటరుది. పంపకం ఆగితే ఫోను వైఫైకి తగులుకుంటుంది గాని, చిరునామా దొరకక “తీసుకుంటున్నాను” అంటూ అక్కడే నిలిచిపోతుంది. విండోస్ కంప్యూటరయితే కాసేపు అడిగి చూసి, తనంత తానే 169.254తో మొదలయ్యే చిరునామా పెట్టుకుంటుంది. ఆ సంఖ్య కనబడితే, తనకు ఎవరూ చిరునామా ఇవ్వలేదని కంప్యూటరు చెబుతున్నట్లే.

ఇక్కడే అసలు చిక్కు వచ్చింది. ఆపినదాన్ని మళ్లీ ఆన్ చేయాలంటే రూటరు పేజీ తెరవాలి. కాని కంప్యూటరు వేరే వీధిలో ఉన్నట్లయింది కనుక ఆ పేజీ తెరుచుకోదు. తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసుకున్నట్లయింది. అయినా దారి ఉంది. రూటరు చిరునామా ఇవ్వకపోతే మనమే చేతితో ఇవ్వవచ్చు.

అన్న చెప్పినట్లు ఆమె చేసింది. మొదట కంప్యూటరును కేబులుతో రూటరుకు కలిపింది. తరువాత కంప్యూటరు నెట్‌వర్క్ సెట్టింగులలో “ఆటోమేటిక్” అని ఉన్నదాన్ని “మాన్యువల్”గా మార్చింది. చిరునామా 192.168.1.10 అనీ, సబ్‌నెట్ మాస్కు 255.255.255.0 అనీ, గేట్‌వే 192.168.1.1 అనీ నింపింది. మాస్కు అంటే చిరునామాలో వీధి ఎంతవరకో, ఇంటి నంబరు ఏదో తెలిపే గుర్తు. గేట్‌వే అంటే బయటికి పోయే గుమ్మం, అనగా రూటరే. ఇప్పుడు కంప్యూటరు రూటరున్న వీధిలోకి వచ్చింది. బ్రౌజరులో 192.168.1.1 అని కొట్టగానే పేజీ తెరుచుకుంది. ఆమె డి.హెచ్.సి.పి.ని తిరిగి ఆన్ చేసి, సేవ్ చేసింది. చివరగా కంప్యూటరును మళ్లీ “ఆటోమేటిక్”కు మార్చింది. ఫోన్లలో వైఫైని ఒకసారి ఆపి పెట్టగానే అన్నీ పనిచేశాయి.

అన్ని రూటర్ల చిరునామా ఒకటే కాదు. కొన్నింటికి 192.168.0.1 ఉంటుంది. సాధారణంగా అది పెట్టె అడుగున అతికించిన కాగితం మీద ఉంటుంది. దానినిబట్టి మనం ఇచ్చే సంఖ్యలు కూడా మారాలి.

మరి రీసెట్ బొత్తం ఎందుకు వద్దన్నాడు? దానిని కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే రూటరు కొత్తగా కొన్న నాటి స్థితికి పోతుంది. మన పొరపాటుతోపాటు, కనెక్షన్ ఇచ్చినవారు అందులో నింపిన యూజర్ పేరు, పాస్‌వర్డు కూడా చెరిగిపోవచ్చు. అవి మన దగ్గర రాసి లేకపోతే ఆ రాత్రి దరఖాస్తు పోయేది కాదు. కనుక రీసెట్ చివరి ఉపాయం. రూటరును ఆపి మళ్లీ పెట్టడం వేరు, రీసెట్ వేరు. ఆపి పెట్టడం వల్ల సెట్టింగులు చెరగవు.

పక్కింటివారి సంగతి కూడా ఆలోచించండి. డి.హెచ్.సి.పి.ని ఆపినంత మాత్రాన వారిని అడ్డుకోలేము. పాస్‌వర్డు తెలిసినవారు ఈ అమ్మాయిలాగే చేతితో చిరునామా ఇచ్చుకొని లోపలికి రాగలరు. వైఫై పాస్‌వర్డు మార్చడమే సరైన పని.

దరఖాస్తు గడువులోపలే వెళ్లింది. ఆ తరువాత ఆమె తానే వెళ్లి జరిగినదంతా తండ్రికి చెప్పింది. ఆయన కోపగించలేదు. “ఏదయినా మార్చేముందు పాత సంగతి రాసిపెట్టుకో బిడ్డా” అని మాత్రం అన్నాడు. మరునాడు ఆమె ఒక నోటుపుస్తకంలో రూటరు చిరునామా, కనెక్షన్ వివరాలు, తాను మార్చిన తేదీ, మార్చిన సంగతి రాసి బీరువాలో దాచింది.

పోగొట్టుకున్నచోటే వెతుక్కోవాలని పెద్దలంటారు. ఎక్కడ పోగొట్టుకున్నామో దాచిపెడితే వెతకడం ఎలా? పొరపాటు ఎవరయినా చేస్తారు. “నేను దీన్ని మార్చాను” అని చెప్పగలిగినవారికి దిద్దుకోవడం తేలిక. యంత్రం చెడినా, లెక్క తప్పినా, ఇంట్లో పని పాడయినా, మొదట వేసుకోవలసిన ప్రశ్న ఇదే: చివరగా నేనేమి మార్చాను?